నిమిషపు నిబంధన

పరీక్షాకేంద్రముల గుమ్మములకడ ఏటేట కనబడు దృశ్యము చదువరులకు క్రొత్తది కాదు. నియమితకాలము కాగానే తలుపులు మూయబడును. పిమ్మట నొక నిమిషము గడచి వచ్చిన బాలుడు గాని బాలిక గాని ఎంత వేడుకొన్నను లోనికి పోవుటకు వీలు లేదు. బస్సు చెడిపోయినదన్నను, దారి తెలియలేదన్నను, వాన పట్టినదన్నను సమాధాన మొక్కటియే: నిబంధన నిబంధనయే. తెలంగాణ ఇంటర్మీడియట్ పరీక్షలలో ఈ కాఠిన్యమును 2024లో కొంత సడలించి ఐదు నిమిషముల వెసులుబాటు నిచ్చిరి. వైద్యవిద్యా ప్రవేశపరీక్షయైన నీట్‌లో గుమ్మము దాటిన తరువాత సైతము సోదా గలదు. పొడుగుచేతుల చొక్కా తొడుగరాదు, బూట్లు తొడుగరాదు, గడియారము పెట్టుకొనరాదు.

మేము ఈ నిబంధనలను నిందింపబూనలేదు. లక్షలమంది ఒకే దినమున ఒకే ప్రశ్నపత్రమునకు సమాధానములు వ్రాయుచున్నపుడు క్రమశిక్షణ లేక కార్యము నడువదు. మా ప్రశ్న వేరు. పదునేడేండ్ల బిడ్డను నిమిషముతో కట్టివేయు ఈ నిబంధన ఆ పరీక్షను నడపు పెద్దలను గూడ కట్టుచున్నదా? బిడ్డ తప్పినచో తలుపు మూయబడును. నిర్వాహకుడు తప్పినచో ఏమి జరుగుచున్నది? గడచిన కొన్ని సంవత్సరముల అనుభవము నీ దృష్టితో పరిశీలించుట అవసరమని మేము తలంచుచున్నాము.

1857లో ఆంగ్ల ప్రభుత్వము కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో నెలకొల్పిన విశ్వవిద్యాలయములు లండన్ విశ్వవిద్యాలయము మాదిరిగా నేర్పడినవి. చదువు చెప్పుట కళాశాలల పని. పరీక్షించి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయముల పని. 1917లో నియమింపబడి 1919లో నివేదిక సమర్పించిన శాడ్లరు సంఘము, పరీక్షలు బోధనపై పెత్తనము చేయుచున్నవని విమర్శించెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ పెత్తనము తగ్గవలసియుండగా ఇంకను పెరిగినది. 2017లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన జాతీయ పరీక్షాసంస్థ, అనగా ఎన్.టి.ఏ., ఎవరికిని ఒక అక్షరమైనను బోధింపదు. పరీక్షించుటయే దాని పుట్టుక ప్రయోజనము. పరీక్షల పెత్తనము మంచిదా చెడ్డదా యనునది మరియొక చర్చ. అది ఉన్నంతకాలము న్యాయముగా నడువవలెననుటలో మాత్రము భిన్నాభిప్రాయమున కెడము లేదు.

2024 మే 5వ తేదీన జరిగిన నీట్ పరీక్షకు 24 లక్షలమంది పేర్లు నమోదు చేసికొనిరి. 23 లక్షల 33 వేలమంది వ్రాసిరి. 571 పట్టణములలో 4,750 కేంద్రములు. ఆ యేడు దేశమునందలి ఎం.బి.బి.ఎస్. స్థానములు లక్షకు కొంచెము మించియుండెను. వానిలో ప్రభుత్వ కళాశాలలవి ఇంచుమించు సగము. బీదవాని బిడ్డకు ఈ సగమే గతి. సరియైన సమాధానమునకు 4 మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత, మొత్తము 720. ఇంత ఇరుకు మార్గములో ఒక్క ప్రశ్న తారుమారైన యెడల ర్యాంకు వేలమీద మారిపోవును. కావున నిర్వాహకుని చిన్న ఏమరుపాటు గూడ ఒక కుటుంబమునకు చిన్నది కాజాలదు.

ఆ యేడు జరిగినదేమి? ఫలితములు జూన్ 14న వచ్చునని చెప్పి జూన్ 4ననే, లోకసభ ఎన్నికల ఓట్లు లెక్కించిన దినముననే, ప్రకటించిరి. 67 మందికి 720కి 720 మార్కులు వచ్చెను. కొన్ని కేంద్రములలో కాలము నష్టమైనదని 1,563 మందికి అదనపు మార్కులు కలిపిన సంగతి అప్పుడు గాని లోకమునకు తెలియలేదు. సుప్రీంకోర్టు ప్రశ్నింపగా ఆ మార్కులను తీసివేసి, జూన్ 23న వారికి మరల పరీక్ష పెట్టిరి. 813 మంది మాత్రమే హాజరైరి. భౌతికశాస్త్రములో ఒక ప్రశ్నకు రెండు సమాధానములను సరియైనవిగా స్వీకరించిరి. ఢిల్లీ ఐ.ఐ.టి. పండితులు మువ్వురు పరిశీలించి, ఒక్కటే సరియని తేల్చిరి. దానితో నాలుగు లక్షలమందికి పైగా విద్యార్థులకు ఐదేసి మార్కులు తగ్గినవి. జూలై 26న వెలువడిన సవరణ ఫలితములలో పూర్తి మార్కులవారు 67 నుండి 17కు దిగిరి.

ఇది ఫలితముల సంగతి. ప్రశ్నపత్రముల సంగతి ఇంకను విచారకరము. జార్ఖండు రాష్ట్రమునందలి హజారీబాగులో ప్రశ్నపత్రముల పెట్టెలను మూసిన వాహనములో గాక ఈ-రిక్షాలో తరలించిరి. ఒక కేంద్రమున పెట్టెలుంచిన గది వెనుక తలుపు తెరువబడి, ప్రవేశింపదగనివారు ప్రవేశించిరి. పెట్టెను ఊడదీసి ప్రశ్నలను ఫోటో తీసి, మరల యథాప్రకార మమర్చిరని సి.బి.ఐ. ఆరోపణ. అవి పాట్నాకును చేరినవి. మరికొన్ని పట్టణములలో రెండు బ్యాంకులలో దాచిన రెండు వేరువేరు ప్రశ్నపత్రములలో ఏది పంచవలెనో తెలియక, పంచవలసినది గాక మరియొకటి పంచిరి. హజారీబాగు, పాట్నాలలో లీకువలన లాభపడినవారు 155 మంది యని దర్యాప్తులో తేలినది. దేశవ్యాప్తముగా పరీక్ష పవిత్రత చెడినదనుటకు ఆధారము లేదని సుప్రీంకోర్టు జూలై 23న పరీక్ష రద్దునకు నిరాకరించెను. ఆగస్టు 2న వెలువరించిన వివరమైన తీర్పులో ఎన్.టి.ఏ. లోపములను ఒక్కొక్కటిగా ఎత్తిచూపి, ఇట్టి అస్థిరత విద్యార్థుల శ్రేయస్సునకు తగదని గట్టిగా హెచ్చరించెను.

కోర్టు నిర్ణయము సహేతుకమైనది. నూరుమంది దొంగలకొరకు ఇరువదిమూడు లక్షలమందిని మరల పరీక్షకు పంపుట న్యాయము కాదు. కాని ఈ తీర్పు నిర్వాహకులకు యోగ్యతాపత్రము కాదు. పరీక్ష మిగిలినది లీకు వ్యాపింపకపోవుటచే గాని, కాపలా బాగుండుటచే గాదు.

ఇచ్చట గమనింపదగిన అంశ మొకటి గలదు. హాలులో ప్రశ్నపత్రముల పొట్లము విప్పునపుడు ఇద్దరు విద్యార్థులచేత సాక్షిసంతకములు చేయించు ఆచారము మన పరీక్షలలో పెక్కుచోట్ల గలదు. పొట్లము హాలునకు రాకమునుపే పెట్టె వెనుకనుండి ఊడదీయబడినచో ఆ సంతకము దేనికి సాక్ష్యము? పిల్లల కండ్లయెదుట జరుగు చివరి క్షణమునకు సాక్షులు గలరు. అంతకుముందు ముద్రణాలయము, లారీ, బ్యాంకు, పాఠశాల గది అను నాలుగు మజిలీలకు సాక్షులు లేరు. మన వ్యవస్థ బలహీనత యంతయు ఇచ్చటనే యున్నది.

తెలుగుదేశమున కీ పాఠము క్రొత్తది కాదు. 2016 జూలై 9న తెలంగాణలో వైద్యవిద్యకై జరిగిన రెండవ ఎంసెట్ ప్రశ్నపత్రము ఢిల్లీ ముద్రణాలయమునుండియే బయటికి పోయినదని దర్యాప్తులో తేలెను. ఆ పరీక్షను రద్దుచేసి సెప్టెంబరు 11న మూడవమారు పెట్టిరి. నిర్దోషులైన పిల్లలు ఒకే సంవత్సరమున ఒకే సీటునకై మాటిమాటికి పుస్తకములు పట్టవలసివచ్చెను. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషను 2022 అక్టోబరు 16న జరిపిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రము కార్యాలయములోపలినుండియే పోయినదని తేలుటచే 2023 మార్చిలో రద్దయ్యెను. జూన్‌లో మరల జరిపిన పరీక్షను, వ్రేలిముద్రలు తీసికొనలేదను కారణమున హైకోర్టు సెప్టెంబరులో రద్దుపరచెను. అది ఉద్యోగపరీక్షయే యైనను వ్రాసినవారు ఆ కళాశాలలనుండి వచ్చిన యువకులే. దానిని నడపిన పద్ధతియు అదియే. కంచె చేను మేసినపుడు చేనికాపు ఎవరితో చెప్పుకొనవలెను?

ప్రశ్నపత్రము భద్రముగా చేరినంతమాత్రాన పని ముగియదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినవి. సుమారు 9 లక్షల 70 వేలమంది వ్రాసిన ఆ పరీక్షలలో మూడు లక్షలకు పైగా తప్పిరి. హాజరైనవారు గైరుహాజరైనట్లు నమోదయ్యెను. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్న పడెను. దిద్దిన అధ్యాపకురాలు మార్కుల పత్రముపై వలయములను పూరించుటలో 99కి బదులు 00 నింపెను, దానిని సరిచూడవలసినవారు చూడలేదు. ఫలితముల దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. త్రిసభ్యసంఘము విచారించి లోపములు గలవని చెప్పెను. తప్పిన వారందరి పత్రములను రుసుము లేకయే మరల పరిశీలింపగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి. మొత్తముతో పోల్చిన ఆ సంఖ్య స్వల్పమని అప్పుడు కొందరు వాదించిరి. నెలరోజులు తాము తప్పితిమని నమ్మి తలవంచుకొని తిరిగిన వెయ్యి యిండ్ల పిల్లలు స్వల్పమా?

తొంబదితొమ్మిది సున్నయైనపుడు దానిని పట్టుకొనుటకు గొప్ప యంత్రము అక్కరలేదు. మిగిలిన పాఠములలో ఉత్తమముగా నుండి ఒక్కదానిలో సున్న వచ్చిన పత్రములన్నిటిని ఫలితములకు ముందు వేరుచేసి చూడుడని ఒక్క ఆజ్ఞ చాలును. ఎక్కడనైనను పెద్ద పరీక్షలు నడుపువారి మొదటి పాఠ మిదియే: ఫలితమును ప్రకటించుటకు ముందు దానిని అనుమానింపవలెను. రెండు వేరు చేతులు వేరువేరుగా లెక్కకట్టి, రెండు లెక్కలును కుదిరిన తరువాతనే ప్రకటింపవలెను. మన కిరాణా వర్తకుడు సైతము చిట్టాను రెండుసార్లు కూడి గాని మూయడు.

ఈ పనిని బయటి కంపెనీకి అప్పగించితిమి గనుక దోషము మాది కాదని చెప్పుట ఇటీవల వాడుకయైనది. ఈ సాకు ఇంగ్లండులో గూడ వినబడెను. 2008లో అచ్చట పదునొకండేండ్ల, పదునాలుగేండ్ల పిల్లలకు జరుపు జాతీయ పరీక్షలను దిద్దించు పనిని ఐదేండ్లకు 15 కోట్ల 60 లక్షల పౌనులకు ఒక అమెరికా సంస్థ శాఖకు అప్పగించిరి. పన్నెండు లక్షల పిల్లల ఫలితములు ఆలస్యమై, పత్రములు చెల్లాచెదరై, ఆగస్టులోనే ఆ ఒడంబడిక రద్దయ్యెను. విచారించిన సదర్లాండ్ ప్రభువు ఆ యేడు డిసెంబరులో నిచ్చిన నివేదికయందు కంపెనీనే గాక, దానిని కనిపెట్టియుండవలసిన ప్రభుత్వసంస్థను గూడ తప్పుపట్టెను. పనిని అప్పగింపవచ్చును గాని బాధ్యతను అప్పగింపరాదు. ఈ న్యాయము టేమ్సు తీరమున నెంత సత్యమో మూసీ తీరమునను, యమునా తీరమునను అంతే సత్యము.

నీట్ కల్లోలమునకు ప్రభుత్వము రెండు విధముల సమాధానము చెప్పెను. మొదటిది చట్టము. ప్రజాపరీక్షలలో అక్రమములను నిరోధించు 2024వ సంవత్సరపు చట్టము ఆ యేడు జూన్ 21న అమలులోనికి వచ్చెను. అక్రమమునకు 3 నుండి 5 ఏండ్ల వరకు ఖైదు; ముఠాకట్టి చేసిన నేరమునకు 5 నుండి 10 ఏండ్లు, కోటి రూపాయలకు తగ్గని జుల్మానా. దొంగలకు శిక్ష యుండవలసినదే. కాని శిక్ష నేరము జరిగిన పిమ్మట వచ్చునది. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగిన, పోయిన సొమ్ము రాదు. పోయిన సంవత్సరము అసలే రాదు.

రెండవది, ఇస్రో మాజీ అధ్యక్షులు కె. రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన 2024 జూన్ 22న నియమించిన సంఘము. ఆ సంఘము 101 సిఫారసులు చేసెను. పరీక్షాసంస్థకు సొంత సిబ్బంది యుండవలెననియు, బయటివారిపై ఆధారపడుట తగ్గవలెననియు, కేంద్రీయ, నవోదయ విద్యాలయములను ఆధారము చేసికొని ప్రభుత్వ పరీక్షాకేంద్రములు నెలకొల్పవలెననియు, మారుమూలలకు సంచార కేంద్రములు పంపవలెననియు, కాగితమునకు బదులు వీలైనంతవరకు కంప్యూటరు మార్గమున పరీక్షలు జరుపవలెననియు వానిలో ముఖ్యములు. ఇవి మంచి సలహాలు. అయినను 2025 మే 4న నీట్ మరల కాగితము మీదనే జరిగెను. ఆ దినమున మధ్యప్రదేశమునందలి ఇండోర్‌లో గాలివానకు విద్యుత్తు పోయి, కొన్ని కేంద్రములలో పిల్లలు మసక వెలుతురున వ్రాసిరి. హైకోర్టులో ఏకన్యాయమూర్తి వారికి మరల పరీక్ష పెట్టుమనిరి. ధర్మాసనము ఆ తీర్పును కొట్టివేసెను. న్యాయశాస్త్రమెట్లున్నను, మే నెలలో గాలివాన వచ్చుననుట రైతుబిడ్డకు గూడ తెలిసిన సంగతి. గది కొక జనరేటరు దీపము అమర్చుటకు ఏ సంఘపు సిఫారసు కావలెను?

కంప్యూటరే సర్వరోగనివారిణి యని నమ్మువారికి ఒక మాట. కంప్యూటరు పరీక్షలో ముద్రణాలయపు, లారీపు భయము తగ్గును, నిజమే. కాని లక్షలమందికి ఒకే పూట కంప్యూటర్లు చాలవు గనుక పలుపూటల, పలు ప్రశ్నపత్రములతో జరుపవలసియుండును. ఒక పూట పత్రము కఠినము, మరియొక పూటది సులభము. వానిని సమముచేయుటకు నార్మలైజేషనను లెక్క కట్టుదురు, జె.ఇ.ఇ. మెయిన్‌లో మార్కులకు బదులు పర్సంటైలును ఏడు దశాంశస్థానముల వరకు చూపుదురు. ఆ లెక్క శాస్త్రీయమే కావచ్చును. కాని తన మార్కు ఎట్లు వచ్చినదో కూలివాని బిడ్డకు తెలియజెప్పలేని లెక్క అనుమానమునకు తావిచ్చును. కాబట్టి ఆ పద్ధతిని దేశభాషలలో ఉదాహరణలతో ముందుగనే ప్రకటింపవలెను. మౌస్ పట్టుట పరీక్షనాడే మొదటిసారి కాకుండ, పల్లె పాఠశాలలలో అభ్యాసము కల్పింపవలెను. ఇవి చేయక యంత్రమును తెచ్చినచో పట్టణము బిడ్డకు మరియొక మెట్టు ఎక్కించినట్లే.

నిర్వాహకులు వెనుదీయుటయే గాక తొందరపడుటయు గలదు. 2024 జూన్ 18న తొమ్మిదిలక్షలమంది యు.జి.సి. నెట్ పరీక్ష వ్రాసిరి. మరునాడే దానిని రద్దుచేసిరి. ప్రశ్నపత్రము ముందే బయటపడినదనుటకు చూపిన టెలిగ్రాం చిత్రము కల్పితమని తరువాత సి.బి.ఐ. దర్యాప్తులో తేలెను. నీట్‌లో నిజమైన లీకును నమ్ముటకు వారములు పట్టెను. నెట్‌లో కల్పిత లీకును నమ్ముటకు ఒక రాత్రి చాలెను. ఆరోపణ వచ్చినపుడు దానిని పరీక్షించు నిశ్చితమైన పద్ధతి లేకపోవుటయే ఈ రెంటికిని మూలము.

ఇంత పెద్ద దేశములో ఇన్ని లక్షలమందికి పరీక్ష పెట్టునపుడు కొన్ని తప్పులు తప్పవని చెప్పువారు గలరు. వారికి మేము మన ఎన్నికలను చూపుదుము. 2024 లోకసభ ఎన్నికలలో 64 కోట్లమంది ఓటు చేసిరి. ప్రతి పోలింగుకేంద్రమున ఓటుయంత్రపు సీలుమీద పార్టీల ఏజెంట్లు సంతకము చేయుదురు. ఎన్ని ఓట్లు పడినవో ఆ లెక్క ప్రతి ఏజెంటు చేతికి అక్కడనే అందును. స్ట్రాంగ్ రూము తలుపుపై అభ్యర్థులు తమ సీలు గూడ వేసికొనవచ్చును. అధికారిని నమ్ముమని కాదు, చూచుకొనుమని చట్టము చెప్పుచున్నది. ఓటునకు సాధ్యమైనది ప్రశ్నపత్రమున కేల సాధ్యము గాదు? ఓటుపెట్టె కున్నన్ని కండ్లు ప్రశ్నపత్రపు పెట్టెకు లేవు. ఉన్న భేద మింతే.

కాబట్టి మేము కోరునవి పెద్దవి కావు. ముద్రణాలయము మొదలు హాలు వరకు ప్రశ్నపత్రపు పెట్టె చేతులు మారిన ప్రతిచోట గంటా నిమిషములతో, పేరుతో, సంతకముతో ఒక లెక్క యుండవలెను. పరీక్ష ముగిసిన పిమ్మట అది బయటపెట్టబడవలెను. స్ట్రాంగ్ రూమునకు ఒకటే తలుపుండవలెను. కాలనష్టము జరిగినచో అదే గదిలో, అదే పూట, అన్ని నిమిషములు కలిపి యీయవలెను. వెనుకనుండి మార్కులు కలుపరాదు. కీని ప్రకటింపక పూర్వమే ఆ శాస్త్రమున పండితులు పరిశీలింపవలెను. ఫలితములను ప్రకటింపక పూర్వము రెండు లెక్కలు కుదురవలెను. విద్యార్థి తన సమాధానపత్రపు ప్రతిని చూచుకొని ఆక్షేపించుటకు రుసుము అడ్డము కారాదు. ఆ ఆక్షేపణకు ఇన్ని దినములలో సమాధానము వచ్చునని ముందే తెలియవలెను.

ఇట్టి పరీక్షలు వ్రాయువారిలో అధికులు కలిగినవారి బిడ్డలు కారు. కోచింగు ఫీజుకై గట్టుమీది పొలము కుదువబెట్టిన తండ్రులు, హాల్ టికెట్టులో చూపిన దూరపు ఊరికి ముందురాత్రియే బయలుదేరి బస్టాండులో తెల్లవార్చు తల్లులు వారి వెనుక గలరు. కలిగినవాని బిడ్డకు ఒక యేడు పోయిన, మరియొక యేడు గలదు. లేదా డొనేషను సీటు గలదు. లేదా విదేశము గలదు. లేనివాని బిడ్డకు నిజాయితీగల పరీక్ష యొక్కటియే ఆస్తి. దానిని దోచుకొనుట ముఠాలు చేయు దొంగతనము. దానిని కాపాడకపోవుట ప్రభుత్వము చేయు దొంగతనము.

గుమ్మముకడ నిలిచిన బిడ్డకు నిమిషపు విలువ చెప్పుటకు మనకు హక్కు గలదు. ఆ హక్కును నిలుపుకొనవలెనన్నచో పెట్టె ఏ నిమిషమున ఎవరి చేతనున్నదో చెప్పగలుగవలెను. రానున్న పరీక్షల కాలమునకైనను ఈ లెక్కను సిద్ధము చేయవలసినదిగా కేంద్రమును, రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములను మేము కోరుచున్నాము.